నిద్రపోయేవాళ్ళకు తెలియని మలుపు

రోడ్ల శాఖలో నా మొదటి పై అధికారి కళ్ళు మూసుకుని రోడ్డు చూసేవారు. నిబంధనల్లోని కొలతకు ఎవరైనా సడలింపు అడిగితే, ఆ చోటికే వెళ్ళి మట్టిగట్టు మీద కూర్చుని, లేని స్టీరింగును రెండు చేతులా పట్టుకునేవారు. మలుపు దగ్గర ఆయన భుజం మెల్లగా వాలేది. కొత్తగా చేరిన నేను నవ్వు ఆపుకునేదాన్ని.

పుంగనూరు దాటాక ఒకచోట, నిబంధన ప్రకారం మలుపును విశాలంగా తిప్పితే ఒక రైతమ్మ బావి రోడ్డు కిందికి పోతుంది.

"బాయి పూడిస్తే పైరు యాడ పెట్టేది సారూ?" అందామె.

బావి మిగలాలంటే మలుపు ఇరుకవ్వాలి. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"కుప్పం బస్సు తోలుతాండానమ్మా," అన్నారు నాతో. "ఎనక జనమంతా నిద్రపోతాండారు. ఈడ ఒక్కరు ఉలిక్కిపడినా మనం తప్పు చేసినట్టే."

బస్సు తూలకుండా రోడ్డు బయటి అంచు ఇంకాస్త లేపమన్నారు. వెడల్పు పెంచమన్నారు. చూపుకు అడ్డమొచ్చే దిబ్బ తీసేయమన్నారు. మళ్ళీ కళ్ళు మూసి, మలుపంతా తిరిగొచ్చారు.

"ఇప్పుడు ఎవురూ లేయలేదు," అని సడలింపు మీద సంతకం పెట్టారు.

ఆయన రిటైరై ఎటో వెళ్ళిపోయారు. మొన్న మదనపల్లెలో కుప్పం బస్సెక్కి, ఆ మలుపును కళ్ళారా చూద్దామని కిటికీ పక్కనే కూర్చున్నాను. పుంగనూరులో చల్లగాలి తగిలింది. ఆ తర్వాత వినిపించింది కండక్టరు గొంతే.

"లెయ్‌మా, కుప్పమొచ్చేసింది."