క్షయ పట్టిన జాడీ

బీయస్సీ ప్యాసైన ప్రతివాడూ తనను తాను శాస్త్రజ్ఞుడనుకునే కాలం ఒకటుండేది. నేను కాస్త ఎక్కువగా అనుకున్నాను. జపాను మీద అణుబాంబు పడిన కబురు పత్రికల్లో చదివిన మరుసటి యేడు, తిరుపతిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. (పనల్లా గాజు గొట్టాలు కడిగించడమే. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.) మద్రాసులో ఎవరో పాత ప్రయోగశాల ఖాళీ చేస్తూ మాకు దానమిచ్చిన సామాన్లలో ఒక పెద్ద గాజు జాడీ వచ్చింది. యురేనియం, థోరియం లవణాలతో ప్రయోగాలు చేయగా మిగిలిన యాసిడ్ నీళ్లన్నీ ఏళ్ల తరబడి అందులోనే పోసి పెట్టారు. పాలు విరిచినట్టు దాన్ని విరిచి, మడ్డిని అడుక్కు దించి, భద్రంగా దాచే పని ప్రిన్సిపాలుగారు నాకు అప్పజెప్పారు.

అప్పట్లో నాకింకో పిచ్చి ఉండేది, సైన్సంతా తెలుగులోనే చెప్పాలని. మా అటెండరు (బీకర్లు పగలగొట్టడంలో సిద్ధహస్తుడు కాబట్టి అందరికీ బీకరు తాత) ఆ జాడీ చూసి, "ఇదేంది అయ్యోరూ?" అన్నాడు. గొంతు సవరించుకుని, "దీనికి క్షయం ఉంది తాతా. పైగా అర్ధాయుష్షు. కొంతకాలానికి సగం పోతుంది, మళ్లీ అంతకాలానికి మిగిలినదాంట్లో సగం పోతుంది" అన్నాను. యురేనియం తనంతట తానే తరిగిపోయే డికేకి క్షయం, అందులో సగం తరగడానికి పట్టే హాఫ్ లైఫుకి అర్ధాయుష్షు! నా పాండిత్యానికి నేనే మురిసిపోయాను. బీకరు తాత మాత్రం రెండడుగులు వెనక్కి వేశాడు.

సరిగ్గా అప్పుడే నాకు పుత్తూరు సంబంధం కుదిరింది. పెళ్లిచూపుల్లో ఆ పిల్ల తలెత్తి ఒక్కసారి నవ్వింది. దాంతో నా పని అయిపోయింది. ఈ పిల్ల కాకపోతే నాకు పెళ్లే వద్దని నాయనతో చెప్పేశాను. తాంబూలాలకు ముందు అబ్బాయి పనిచేసే చోటు చూద్దామని పిల్ల తండ్రి చెప్పాపెట్టకుండా బస్సెక్కి వచ్చాడు. ఆయన విరిగిన ఎముకలకు కట్లు కట్టే మనిషి. గుమ్మం దగ్గర బీకరు తాతను, "ఆ అయ్యోరు యాడుండాడప్పా?" అని అడిగాడు.

"జాడీ కాడుండాడు. దగ్గరికి పోవాకండి. క్షయంట. అర్ధాయుష్షంట పాపం, ఆయప్పే చెప్పినాడు."

నేనప్పుడు జాడీలో చాకలి సోడా వేస్తున్నాను. యాసిడ్ బుసబుసా పొంగి చల్లారాక, చక్కటి పసుపు మడ్డి అడుగున కుదురుకుంది. బుద్ధిమంతుడైతే అక్కడితో ఆపేవాడు. ఇంకాస్త వేస్తే ఇంకాస్త దిగుతుందని నేను గుప్పెళ్లతో వేశాను. సోడా ఎక్కువైతే యురేనియం మళ్లీ నీళ్లలో కరిగిపోతుంది. (ఆ ముక్క పుస్తకంలో తరువాతి పేజీలో ఉంది. నేను తిప్పలేదు.) కుదిరిందంతా కళ్లముందే కరిగిపోతుంటే, వెనకనుంచి ఒక గట్టి చెయ్యి నా ప్రక్కటెముకలు తడిమింది. చూస్తే పిల్ల తండ్రి.

"దగ్గప్పా" అన్నాడు. దగ్గాను. (ఆ ఆవిరికి ఎవడైనా దగ్గుతాడు.)

"ఎన్నాళ్లనుంచి ఉండాది?"

"నెలయింది" అన్నాను, జాడీ సంగతే అనుకుని.

"క్షయ నిజమేనా?"

"నిజమేనండీ, అర్ధాయుష్షు కూడా!" అని హుషారుగా మొదలుపెట్టాను.

ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "మా బిడ్డ గొంతు కొయ్యలేనప్పా. ఈ సంబంధం వద్దు." అప్పటికి గాని నాకు వెలగలేదు. ఆ పిల్ల నవ్వే కళ్లముందు ఆడింది. వివరించబోయాను. నేను వివరించేకొద్దీ ఆయన గుమ్మం వైపు జరిగాడు.

బీకరు తాత అడ్డం వచ్చాడు. "అయ్యా, క్షయ జాడీకి, అయ్యోరికి కాదు! అయినా ఆ ఆయుష్షు మంచిదే. సగం పోతే సగం మిగుల్తాదంట. దాంట్లో సగం పోయినా ఇంకా మిగుల్తాదంట. యాపొద్దూ పూరాగా అయిపోదంట!"

ఆయన గుమ్మం దగ్గరే ఆగి వెనక్కి తిరిగాడు. "అట్లయితే మా అల్లునికీ ఆ ఆయుష్షే ఉండనీ" అన్నాడు. మర్నాడు ప్రిన్సిపాలుగారి చీవాట్లు తిని, ఈసారి పేజీ తిప్పి, జాడీని మొదటినుంచి విరిచాను.

ఇప్పుడు నాకు పళ్లు సగం, చూపు సగం, వినికిడి అంతకంటే తక్కువ. మొన్న వసారాలో కూర్చుని దగ్గుతుంటే, వంటింట్లోంచి ఆ పుత్తూరు పిల్ల, "ఇది ఎన్నో సగం?" అని అడిగింది. గుప్పెళ్లతో సోడా వేసిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. కాస్త బెంగ కూడా వేసింది. లెక్క కట్టి చెబుదామని జవాబు నోటిదాకా వచ్చింది కూడా. సోడా ఎక్కువైతే ఏమవుతుందో తెలిసినవాణ్ణి కాబట్టి, "ఇంకా మిగిలుండాదిలే" అని ఊరుకున్నాను.