కోటు తగిలించిన గోడ

1998 వేసవి. మాదాపూర్‌లో బండలు పేల్చే చప్పుళ్లు పగలంతా వినిపిస్తున్న రోజులు. అక్కడ ఒక చిన్న పరిశోధన ల్యాబ్‌లో నేను టెక్నాలజిస్టుని. ఎముకలు, కిడ్నీల స్కానింగ్‌కు పనికొచ్చే మందుల మీద పని జరిగేది. వాటికి కావలసిన టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం తీయడం నా బాధ్యత. వారానికోసారి సీసం తొడుగుతో, మేం జనరేటర్ అనే చిన్న డబ్బా వచ్చేది. అందులోని మాలిబ్డినం కొద్దికొద్దిగా టెక్నీషియంగా మారుతూ ఉంటుంది. రోజూ పొద్దున సెలైన్ పంపి దాన్ని సీసాలోకి దింపుతాం. ఈ పనిని మేం మిల్కింగ్ అంటాం, అంటే పాలు పితకడం.

లోపల ఉన్నంతసేపూ కోటుకు ఫిల్మ్ బ్యాడ్జ్ పెట్టుకోవాలి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో ఆ ఫిల్మ్ చెబుతుంది. నెలాఖరున పంపితే రిపోర్టు మరో నెలకు వచ్చేది.

అప్పటికి నాకు మూడో నెల. ల్యాబ్‌లో చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందని భయం.

ఒక సోమవారం మా సేఫ్టీ ఆఫీసర్ మూర్తి గారు పిలిచి రిపోర్టు ముందు పెట్టారు. నా పేరుకెదురుగా ఉన్న అంకె మామూలుకు ఎన్నో రెట్లు. సీసా ఏమైనా పగిలిందా, కవచం లేకుండా ఏదైనా పట్టుకున్నావా అని అడిగారు. లేదన్నాను. నాకు తెలియకుండానే చెయ్యి పొట్ట మీదికి వెళ్లింది. ఆయన చూశారు.

"ఎన్నో నెలమ్మా?"

"మూడు సార్."

ఆ తర్వాత నన్ను లోపలికి వెళ్లనివ్వలేదు. బయటి గదిలో కాగితాల పని ఇచ్చారు. మా ఆయనకు రిపోర్టు సంగతి చెప్పే ధైర్యం కూడా లేకపోయింది. మూసాపేటలో మా మేడ మీద బట్టలు ఆరేస్తూ, పుట్టబోయే బిడ్డకు వేళ్లన్నీ ఉంటాయా అని ఏడ్చేదాన్ని.

శుక్రవారం మూర్తి గారికి ఏదో తట్టి, పని అయ్యాక కోటు ఎక్కడ పెడతావని అడిగారు. వరండా గోడకున్న కొక్కేనికి అన్నాను. బ్యాడ్జ్ దానికే ఉంటుందనీ చెప్పాను. ఆయన రేడియేషన్ కొలిచే సర్వే మీటర్ తెచ్చి అక్కడ పెట్టారు. ముల్లు ఎగిరింది.

ఆ గోడ వెనక గదిలోనే వాడేసిన జనరేటర్లు ఉంచేవాళ్లం. వాటికి సొంత తొడుగు ఉన్నా రేడియేషన్ కొంత బయటికొస్తుంది. అందుకే గోడ పొడవునా సీసం ఇటుకలు పేర్చి ఉండేవి. రెండు నెలల క్రితం కొత్త బెంచీ కోసం వాటిని తీయించింది నేనే. తీశాక లోపల కొలిచాను గానీ బయట కొలవలేదు. సాయంత్రం నుంచి పొద్దుటిదాకా గోడకు వేలాడిన బ్యాడ్జ్ అదంతా తాగింది. నా ఒంటికి తగిలింది కాదు.

అక్కడ ఖాళీగా ఉన్న స్టూల్ మీద కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, అది వాచ్‌మన్ మల్లయ్యదని.

మల్లయ్య పాలమూరు వైపు నుంచి మట్టి పనికి వచ్చి, నడుం పట్టేశాక వాచ్‌మన్‌గా కుదిరాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గోడకే వీపు ఆనించి కూర్చునేవాడు. అతనికి బ్యాడ్జ్ లేదు. మూర్తి గారు మీటర్‌ను వీపు ఎత్తుకు దించారు. ముల్లు ఇంకా పైకి పోయింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

మల్లయ్యను కూర్చోబెట్టి మూర్తి గారు జరిగింది చెప్పారు. ఇటుకలు తీయించింది నేనేనని నేను చెప్పాను.

"జ్వరం గిట్ల వస్తదా సార్?"

"రాదు."

"మరి నాకెట్ల ఎర్కైతది?"

రక్తపరీక్షలు చేయిద్దామన్నారు మూర్తి గారు.

ఆ రోజే ఇటుకలు మళ్లీ పేర్పించాం. మల్లయ్యను దవాఖానకు తీసుకెళ్లి కొన్ని వారాల పాటు రక్తపరీక్షలు చేయించాం. రిపోర్టు వచ్చినప్పుడల్లా కవరు విప్పేది నేనే, అతను నా కళ్లలోకే చూసేవాడు. కణాలు సరిగానే ఉన్నాయి. డాక్టరు ఇప్పటికి భయం లేదన్నాడు, ముందుముందు మాట మాత్రం చెప్పలేనన్నాడు.

చలికాలంలో నాకు ఆడపిల్ల పుట్టింది. అన్ని వేళ్లూ ఉన్నాయి.

తిరిగి పనిలో చేరాక మల్లయ్యకో బ్యాడ్జ్ తెప్పించి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పెట్టుకుంటే నాకేం గాదా మేడం?"

"అలా కాదు. ఎంత తగిలిందో చెబుతుంది."

"ఎప్పుడు చెప్తది?"

"నెల తర్వాత."

తిరిగి నా చేతిలో పెట్టాడు. "గట్లయితే మీరే రోజూ గోడకు ఇవతల గూడ జర చూడుండ్రి."

ఆ తర్వాత ఎన్ని ల్యాబుల్లో పనిచేసినా, పొద్దున్నే మీటర్ పట్టుకుని ముందు బయట తిరుగుతాను. వాచ్‌మన్ కూర్చునే చోటు, ఊడ్చే ఆమె చీపురు పెట్టుకునే మూల, డ్రైవర్లు టీ తాగే అరుగు. ఆ తర్వాతే లోపలికి వెళ్తాను.