కృపాకుమారికి అభినందనలు

హిందూపురం దగ్గర బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో కృపాకుమారి ఆరేళ్లుగా పనిచేస్తోంది. మొదటి రెండేళ్లు మిషన్ల వరుసలో కూర్చుని కాలర్లు కుట్టింది. దూరవిద్యలో ఎం.బి.ఏ. ముగించాక హెచ్.ఆర్. ఆఫీసులో కుర్చీ దొరికింది. పదకొండు వందల మంది ఆడవాళ్ల హాజరు, సెలవులు, పి.ఎఫ్. కాగితాలు ఆమె చేతి మీదుగానే కదులుతాయి. హోదా మాత్రం సహాయకురాలే. గోరంట్ల నుంచి పొద్దున ఆరింటికి ఫ్యాక్టరీ బస్సెక్కితే, ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది.

మేనేజరు శ్రీనివాసులుకు పోయిన ఏడాది ఒక పిచ్చి పట్టుకుంది. ఉద్యోగస్తులు ఒకరినొకరు పరిచయం చేసుకునే సైటులో ఆఫీసు వాళ్లందరూ చేరాలన్నాడు. ఫ్యాక్టరీ గురించి తను ఏం పెట్టినా పావుగంటలో లైకు కొట్టాలి. కొట్టనివాళ్ల పేర్లు మర్నాడు మీటింగులో చదివేవాడు.

అప్పట్నుంచి ఆమె ఫోను ఒక్క ఘడియ ఊరుకున్న పాపాన పోలేదు. ముఖం తెలియని ఎవరికో పదేళ్ల సర్వీసు నిండిందట. మరెవరికో ప్రమోషనట. మీకు ఫలానావారు తెలిసుండవచ్చు, మీ ప్రొఫైల్‌ను ముగ్గురు చూశారు. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నా పక్కన సంచీలో గుర్రుమనేది. అవన్నీ మేనేజరు పిలుపులేనని తల్లి చౌడమ్మ నమ్మకం.

"ఆయప్పకు పెండ్లాం బిడ్డలు లేరా? పొద్దస్తమానం నిన్నే పిలుస్తాండాడే" అని విసుక్కునేది.

వేసవిలో పుట్టపర్తిలోని ఒక ఆస్పత్రి ఆఫీసులో జీతాల విభాగానికి మనిషి కావాలని అదే సైటులో చూసింది కృపాకుమారి. గోరంట్లకు దగ్గర. ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టింది. పెట్టేముందు ప్రొఫైల్‌లో 'సహాయకురాలు' అన్న మాట తీసేసి, రోజూ తను చేస్తున్న పనినే హోదాగా రాసి సేవ్ నొక్కింది. ఆ ఒక్క నొక్కుతో ఆమెకు పరిచయమున్న ఆరువందల మందికీ కబురు వెళ్లిపోయింది: 'కొత్త బాధ్యత చేపట్టిన కృపాకుమారిని అభినందించండి.'

మధ్యాహ్నానికి నలభై అభినందనలు వచ్చాయి. మొదటిది శ్రీనివాసులుది.

సాయంత్రం గదికి పిలిచాడు.

"ఏమ్మా, కొత్త ఉద్యోగమంట? యాడ?"

"యాడా లేదు సార్. ఈడ చేస్తాండే పనే రాసినా."

"రాసేముందు నన్ను అడగాల గదా" అన్నాడు నెమ్మదిగానే. "పోవాలంటే మూడు నెలల ముందు చెప్పాల. అనుభవం సర్టిఫికెట్లో సంతకం నాదే. గ్యాపకముండాది గదా?"

ఆమె తలూపింది. అతను ముందుండగానే పాత హోదా తిరిగి రాసింది.

బస్సులో పక్క సీటు ఓబిలేష్‌ది. ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే మనిషి. జరిగింది విని ఫోను తీసుకున్నాడు.

"అక్కా, నీకొచ్చేటివి ఒక చోట ఉంటాయి. నీ నుంచి ఊరందరికీ పోయేటివి ఇంగో చోట. నువ్వు రెండూ తెరిచిపెట్టినావు."

సెట్టింగ్స్‌లో ఎక్కడేముందో చూపించాడు. దారిలో పాలసముద్రం ఊరు దాటేలోగా ఆమె ఒక్కొక్కటే ఆపుకుంటూ పోయింది. ప్రొఫైల్ మార్పులు నలుగురికీ చెప్పడం ఆపింది. పుట్టినరోజులు, సర్వీసు ఏళ్లు, తెలిసుండవచ్చు అనేవాళ్లు, ఈమెయిళ్లు. కోర్సులు అమ్ముకునేవాళ్ల బాధ పడలేక కొత్తవాళ్ల మెసేజ్‌లకు మోగడం కూడా ఆపింది. మేనేజరు పోస్టులు మాత్రం ఉంచుకోక తప్పలేదు.

ఫోను చల్లబడింది. ఆ వారం ఆమె కడుపు నిండా అన్నం తిన్నది.

శుక్రవారం మేనేజరు పోస్టుకు లైకు కొట్టబోయి, ఊరికే మెసేజ్‌ల పెట్టె తెరిచింది. ఆస్పత్రి నుంచి రెండున్నాయి. ఒకటి శనివారం నాటిది, ఇంటర్వ్యూకు బుధవారం పదింటికి రమ్మని. రెండోది మంగళవారం నాటిది, వస్తున్నారా లేదా అని.

జనరేటరు షెడ్డు వెనక్కి పోయి అందులో ఉన్న నంబరుకు ఫోను చేసింది. అరుణజ్యోతి అనే ఆవిడ ఎత్తింది.

"రెండుసార్లు రాసినానమ్మా. నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. వేరే ఆమెను తీసుకున్నాము."

"చూసుకోలేదు మేడమ్. ఇంగ ఏమన్నా ఖాళీ వస్తే చెప్తారా?"

"వస్తే సైట్లోనే పెడతాం. చూసుకుంటా ఉండు."

కృపాకుమారి ఆ షెడ్డు నీడలోనే, ఆపినవన్నీ మళ్లీ తెరిచింది. ఏది ఏ దారిన వస్తుందో ఆమెకేం తెలుసు? మెసేజ్‌లు, ఈమెయిళ్లు, పుట్టినరోజులు అన్నీ తెరిచింది. లోపలికి వచ్చేలోగా తొమ్మిదిసార్లు మోగింది.

సోమవారం శ్రీనివాసులు ఆమె ఫోటో పెట్టాడు. ఎప్పుడో మిషను ముందు కూర్చున్నది ఒకటి, ఇప్పుడు కుర్చీలో కూర్చున్నది ఒకటి. కింద ఇలా రాశాడు: 'మిషను వరుస నుంచి ఆఫీసు దాకా మా కృపాకుమారి ఆరేళ్ల ప్రయాణం. ఈ ఫ్యాక్టరీయే ఆమె ఇల్లు. ఎక్కడికీ పోదు.'

రెండువందల మంది మెచ్చుకున్నారు. మేనేజరు ఆమె బల్ల దగ్గరకొచ్చి, "అందరికీ జవాబియ్యమ్మా, లేకుంటే బాగుండదు" అని చెప్పి పోయాడు.

బస్సులో మొదలుపెట్టింది. ఒక్కొక్కరికీ 'థాంక్యూ' అని కొడుతూ వస్తుంటే నడుమ అరుణజ్యోతి పేరు తగిలింది. 'అభినందనలు. మంచి చోట ఉన్నారు' అని రాసింది ఆవిడ. కృపాకుమారి ఆ రెండు మాటలూ మళ్లీ చదివింది. ఏదో రాయబోయి, చెరిపేసి, 'థాంక్యూ మేడమ్' అని పంపింది.

గోరంట్లలో దిగేసరికి ఇంకా ఎనభై మంది మిగిలి ఉన్నారు.