పక్క దేశపు రాళ్ళు

సెలవులకి ఆ దీవిని ఎంచుకున్నదే పాస్‌పోర్ట్ గొడవ ఉండదని. డాలస్ పక్కన ప్లేనోలో మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో సెయింట్ థామస్‌కి ఒక బిరుదు ఉంది: స్టాంపింగ్ అక్కర్లేని బీచ్. కొబ్బరి చెట్లుంటాయి, నీళ్ళు నీలంగా ఉంటాయి, ఉక్క అచ్చం విశాఖ ఉక్కే, అయినా అమెరికాలో ఉన్నట్టే లెక్క. నాకు కావలసింది సరిగ్గా అదే.

ఎందుకంటే నా పాస్‌పోర్ట్‌లో వీసా ముద్ర గడువు దాటిపోయింది. హెచ్-వన్ పొడిగింపు వచ్చింది కాబట్టి అమెరికాలో ఉండటానికి, ఉద్యోగం చేసుకోవడానికి నాకు ఏ అడ్డూ లేదు. కానీ ఒకసారి దేశం దాటితే మాత్రం, ఇండియా వెళ్ళి కాన్సులేట్‌లో కొత్త ముద్ర వేయించుకుంటేగాని మళ్ళీ లోపలికి రానివ్వరు. దాన్నే మావాళ్ళు స్టాంపింగ్ అంటారు. ఆ అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో దేవుడికే తెలియాలి. నెలల తరబడి అక్కడే ఇరుక్కుపోయి, ఇక్కడ ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. మా ఆయనది వేరే కంపెనీ, వేరే హెచ్-వన్. కిందటేడు వాళ్ళ చెల్లెలి గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు స్టాంపింగ్ చేయించుకొచ్చారు. మా అమ్మాయి టెక్సస్‌లోనే పుట్టిన అమెరికా పౌరురాలు కాబట్టి దానికి ఈ తలనొప్పులేవీ లేవు.

దీవి మా ఆయన ఎంపిక అయితే, రాళ్ళు మా అమ్మాయి ఎంపిక. దానికి పద్నాలుగేళ్ళు. దాని ఈడు పిల్లలు శనివారం డాన్స్ క్లాసుకి వెళ్తుంటే ఇది క్లైంబింగ్ జిమ్‌కి వెళ్తుంది. మొదట్లో దింపి వద్దామనే వెళ్ళేదాన్ని. ఊరికే కూర్చుని చూడటం నా వల్ల కాదు. నేర్చుకున్నాను. ఇప్పుడు అది తాడు లేకుండా బండలెక్కే బౌల్డరింగ్ చేస్తుంటే వెనక చేతులెత్తి నిలబడేది నేనే. దాన్ని స్పాటింగ్ అంటారు. పడేవాళ్ళని పట్టుకోవడం అందులో పని కాదు. పడనివ్వాలి, కాకపోతే తల రాతికి కొట్టుకోకుండా నడుం దగ్గర తోసి కింద పరిచిన మందపాటి మ్యాట్ మీదికి మళ్ళించాలి. ఆ మ్యాట్‌ని మా ఇంట్లో పరుపు అనే అంటాం. డాలస్ ఎయిర్‌పోర్టులో దాన్ని లగేజీలో వేస్తుంటే వెనకున్న పెద్దావిడ, హోటల్లో మంచాలుండవా అమ్మా అని అడిగింది.

వర్జిన్ ఐలాండ్స్‌లో సముద్రం ఒడ్డునే ఇంతింత గ్రానైట్ బండలున్నాయని, వాటిని ఎక్కవచ్చని మా అమ్మాయి ఫోన్‌లో ఫొటోలు చూపించింది. మేం టికెట్లు కొన్న సెయింట్ థామస్ ఉన్నదీ వర్జిన్ ఐలాండ్స్‌లోనే. ఇంకేం చూడాలి? దీవిలో దిగిన మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర, ఆ బండల దగ్గరికి తర్వాతి రోజు ఫెర్రీ బుక్ చేయడానికి మా ఆయన ఫోన్ తీశారు.

"ఇదేంటి, పాస్‌పోర్ట్ నంబర్ అడుగుతోంది?"

"ఎందుకడుగుతుంది? ఇక్కడినుంచి ఇక్కడికేగా," అన్నాను.

"ఇక్కడికి కాదు. బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ అట."

వర్జిన్ ఐలాండ్స్ రెండు. ఒకటి అమెరికాది, ఒకటి బ్రిటన్‌ది. మేమున్నది మొదటిదాంట్లో, బండలున్నది రెండోదాంట్లో. ఆఫీసులో ఒక్క కామా తప్పితే పదిమందిని లైన్‌లోకి పిలిచి కడిగేసే మనుషులం ఇద్దరం, దేశం పేరు చదవలేదు. "నాకు తెలీదు, రెండు ఉన్నాయ్ అని," అంది మా అమ్మాయి నోట్లో వాఫిల్‌తోనే. దాన్ననడానికేముంది. నేను మా ఆయన మీద పడ్డాను. "బుక్ చేసేముందు ఒక్కసారి మ్యాప్ తీసి చూడలేకపోయారా?" అంటే, "నువ్వు చూశావా?" అన్నారాయన. చూడలేదు కాబట్టే నాకు ఇంకా మండింది.

ఆయన వెంటనే ప్లేనోలో ఉన్న స్నేహితుడికి ఫోన్ కొట్టారు. ఆ స్నేహితుడిది వరంగల్. మా గ్రూపులో ఎవరికి వీసా సందేహం వచ్చినా లాయర్ కంటే ముందు ఆయన్నే అడుగుతారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టారు.

"ఏం గాదు వదినా, బేఫికర్‌గా పోయి రాండ్రి," అన్నాడాయన. "ముప్పై దినాల లోపల తిరిగొస్తే పాత వీసానే నడుస్తది. అప్రూవల్ కాగితం దగ్గరుంచుకుంటే చాలు. మొన్న నేను కెనడా పోయి రాలేదా? నాదీ ఎక్స్‌పైర్ అయిందే!"

ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. గంటన్నర ప్రయాణం కూడా లేని పక్క దీవికి పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాం, ఎవరు పట్టించుకుంటారు? మా అమ్మాయి అప్పుడే సంచీలో బూట్లు, చేతులకి రాసుకునే చాక్‌పొడి సర్దుకోవడం మొదలుపెట్టింది. మా ఆయన ఫోన్‌లో ముగ్గురి పేర్లూ నింపేశారు. డబ్బు కట్టే ముందు నేను ఆగమన్నాను.

నా బుద్ధి అలాంటిది. ఎవరైనా ఏం కాదు అన్నారంటే వెళ్ళి చదవాల్సిందే. ప్రభుత్వం వాళ్ళ పేజీ తీశాను. కెనడా, మెక్సికోల సంగతి వరంగల్ ఆయన చెప్పినట్టే ఉంది. ఆ కిందే పక్క దీవుల ప్రస్తావన కూడా ఉంది, కానీ అది చదువుకోడానికి వచ్చిన విద్యార్థులకీ ఇంకొందరికీ మాత్రమే. హెచ్-వన్‌కి లేదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. ఎన్నిసార్లు చదివినా వాక్యం మారలేదు.

"అయితే మీరిద్దరూ వెళ్ళండి. మీ స్టాంపింగ్ ఉంది కదా," అన్నాను.

మా ఆయన ముఖం పాలిపోయింది. ఆయనకి ఎత్తంటే భయం. మా ఇంట్లో బల్బు మార్చేది కూడా నేనే. జిమ్‌కి వచ్చినా లాబీలో కూర్చుని లాప్‌టాప్ తీస్తారు. మా అమ్మాయి సర్దిన సంచీ వైపు చూసింది. సరే, ఒక్క మధ్యాహ్నంలో ఆయనకి స్పాటింగ్ నేర్పించి పంపుదామనుకున్నాను.

కారులో దీవి తూర్పు చివరికి వెళ్ళాం. ఆ దీవిలో అమెరికా జెండా ఎగురుతుంటుంది, కార్లు మాత్రం మన దేశంలోలా ఎడమవైపు నడుస్తాయి. మామూలప్పుడైతే దాని మీద నవ్వుకునేవాళ్ళం. అక్కడ ఒక చిన్న బీచ్ చివర నా ఎత్తుకి కొంచెం పైనున్న బండ దొరికింది. కింద ఇసుకలో పరుపు పరిచాం. నీళ్ళకి అటువైపు ఆ బ్రిటిష్ దీవుల కొండలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇంతలో చేతిలో ఫోన్ మోగింది. మీరు వేరే దేశంలోకి వచ్చారు, స్వాగతం, రోమింగ్ రేట్లు ఇవీ అని మెసేజ్. అటువైపు టవర్ సిగ్నల్ ఇటు దాకా వస్తోందన్నమాట. విషయం తెలిసి కూడా ఒక అడుగు వెనక్కి వేశాను. కాళ్ళ కింద ఇసుక అమెరికాదేనని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది.

"చేతులు పైకి. మోచేతులు కొంచెం మడవండి. దాని చేతుల్ని చూడకండి, నడుం చూడండి," అన్నాను.

"పడితే పట్టుకోవాలా?"

"పట్టుకోవద్దని పొద్దుట్నుంచీ చెప్తున్నాను కదండీ!"

మా అమ్మాయి ఎక్కింది. కావాలనే చేతులు వదిలింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని కూతుర్ని రెండు చేతులా వాటేసుకున్నారు. ఇద్దరూ కలిసి పరుపు అంచు దాటి పడ్డారు. దాని మోచెయ్యి బండకి గీరుకుపోయి రక్తం వచ్చింది. పెద్ద దెబ్బేం కాదు. కానీ రేపు ఎక్కబోయేది ఇంతకి రెండింతలున్న బండలు. ఇదే మనిషి, ఇలాగే కళ్ళు మూసుకుని కింద నిలబడతాడు. నేను ఇక్కడ హోటల్ గదిలో కూర్చుని ఉంటాను.

నాకు ఒళ్ళు తెలియలేదు. "చాలు! రేపు నేనే వస్తాను. టికెట్ బుక్ చేయండి. ఎవరాపుతారో చూస్తాను!" అని అరిచాను. అవతల గొడుగు కింద పడుకున్న జంట తలలెత్తి చూశారు.

"హెచ్-వన్‌కి ఆ రూల్ లేదని నువ్వే చదివావు కదే," అన్నారాయన ఇసుకలోనే కూర్చుని.

"ఉంటే ఎంత లేకపోతే ఎంత! అటునుంచి రానివ్వకపోతే అప్పుడే చూసుకుందాం!"

ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పటికి నేను నిజంగానే వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాను. ఇల్లు, ఉద్యోగం, ఇన్నేళ్ళ కష్టం, అన్నీ ఆ క్షణంలో దాని మోచేతి ముందు దిగదుడుపే అనిపించాయి.

మా అమ్మాయి లేచింది. మోచెయ్యి నిక్కరుకి తుడుచుకుంది.

"నువ్ రావద్దు అమ్మా."

"నువ్వు ఊరుకో."

"నో, లిజన్. డాడీ వస్తాడు. ఈజీవి మాత్రమే చేస్తా నేను. లో హైట్‌వి. హార్డ్‌వి అన్నీ వదిలేస్తా." అని, ఏదో స్కూల్ ప్రాజెక్ట్ సంగతి చెప్తున్నట్టు మామూలుగా అంది. "నాకు ట్వెంటీ వన్ వస్తే నేను నీకు ఫైల్ చేస్తా కదా, గ్రీన్ కార్డ్. అప్పుడు నువ్వూ నేనూ వద్దాం. హార్డ్‌వి అప్పుడు ఎక్కుదాం."

మా ఆయన తలెత్తి నా వైపు చూశారు. అమెరికాలో పుట్టిన పిల్లలు ఇరవై ఒకటి నిండాక తల్లిదండ్రులకి గ్రీన్ కార్డ్, అంటే శాశ్వత నివాసం, అడగొచ్చు. ఆ సంగతి మేం దానికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకూడదనే అనుకున్నాం.

"నీకెవరు చెప్పారు అదంతా?" అన్నాను.

"మీరే. కార్‌లో. ఎవ్రీ డే అదే మాట్లాడతారు."

కార్‌లో వెనక సీట్లో అది ఎప్పుడూ హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఉంటుంది. పాటలు వింటోందనుకున్నాం. మా గ్రీన్ కార్డ్ క్యూ ఎప్పటికి కదులుతుంది, కంపెనీ ఎవర్ని తీసేస్తుంది, ఇది పెద్దదయ్యేదాకా ఆగడమే దారేమో, అన్నీ అది అక్కడే కూర్చుని వింది. విని, తన పుట్టినరోజుల్లో ఒకదాన్ని నా కోసం తీసి పక్కన పెట్టుకుంది. నాకు దుఃఖం రాలేదు, సిగ్గేసింది. దాన్ని మొయ్యాల్సినవాళ్ళం మేము.

నేను పరుపు సర్ది మళ్ళీ బండ దగ్గరికి జరిపాను. మా ఆయన్ని లేపి మా అమ్మాయి వెనక నిలబెట్టాను. "రేపు నేను రావట్లేదు," అన్నాను. అది చాక్‌పొడి చేతులకి రాసుకుని ఎక్కడం మొదలుపెట్టింది. నేను ఆయన పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. విప్పితే పట్టుకుంటానని భయం.