జీలకర్ర బెల్లం దగ్గర పోయిన ముప్పై ఎనిమిది ఫ్రేములు

ముప్పై ఎనిమిది. ఏడేళ్లుగా ఈ అంకెను ఒక్కణ్ణే మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు నోరు తెరవగలుగుతున్నాను.

మాది రాజమండ్రి పక్కనే. కాలవల మీద నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. నీళ్లు స్కేలు మీద ఊగుతూ ఉంటాయి కనక ఒక్కసారి చూసి రాయకూడదు. మూడుసార్లు చూడాలి, మూడూ కలవాలి, అప్పుడే రాయాలి. ఇది ఎవరో చెప్పిన నియమం కాదు, నాకు నేనే పెట్టుకున్నది. నేను రాసిన అంకెను ఇంజనీరు గారు మళ్లీ సరిచూసేవారు కాదు. ఆ గర్వం నాకుండేది. ఇప్పుడు లేదని చెప్తే అదొక అబద్ధం.

కంప్యూటర్ కూడా సొంతంగానే నేర్చుకున్నాను, పుస్తకాలు చదివి, విప్పి, బిగించి. మా వీధిలో అప్పటికి నాదొక్కటే. ఇళ్లలో వీసీఆర్‌లు మూలపడి సీడీ ప్లేయర్లు వస్తున్న రోజులు. నేను క్యాప్చర్ కార్డు కొన్నాను. వీసీఆర్‌లో క్యాసెట్ ఆడిస్తే ఆ బొమ్మ వైరు గుండా కంప్యూటర్‌లోకి వచ్చి హార్డ్‌డిస్క్ మీద పడుతుంది. తరవాత సీడీకి ఎక్కించుకోవచ్చు. వీడియో అంటే సెకనుకు ఇరవై అయిదు ఫ్రేములు. అంటే ఇరవై అయిదు బొమ్మలు. కంప్యూటర్‌కు అందకుండా ఏదైనా జారిపోతే తెర కింద మూలన ఒక అంకె పెరుగుతుంది. ఎన్ని ఫ్రేములు పోయాయో చెప్పే అంకె అది. టేపులోనే లేక పోయాయా, కంప్యూటర్ అందుకోలేక పోయాయా అన్నది మాత్రం చెప్పదు.

ఎదురింటి రత్నమ్మ గారు మనవరాలి పెళ్లి క్యాసెట్ తెచ్చి ఇచ్చారు. పెళ్లయి వారం. వాళ్లింట్లో వీసీఆర్ పాడైంది కాబట్టి ఇంకా ఎవరూ చూడలేదు. తీసింది సత్తిబాబు. పదిహేనేళ్లుగా మా చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ అతనివే. ఆదివారం ఉదయం వాళ్లింటిల్లిపాదీ మా ముందుగదిలో కూర్చున్నారు. క్యాసెట్ మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎక్కినదాన్ని వాళ్లకు చూపించాను.

"ఆగాగు. జీలకర్ర బెల్లం ఏదయ్యా?" అన్నారు రత్నమ్మ గారు.

వెనక్కి తిప్పాను. వధూవరుల మధ్య అడ్డుతెర ఉంది, చేతులు పళ్లెం మీద ఉన్నాయి. ఆ వెంటనే తెర సగం దిగిపోయింది, చేతులు తలల మీద ఉన్నాయి. మధ్యలో తలల మీద పెట్టడం లేదు. మా వైపు పెళ్లంటే ఆ క్షణమే. మంగళసూత్రం తరవాతైనా కడతారు, ముహూర్తం మాత్రం జీలకర్ర బెల్లానిదే. అది వీడియోలో లేకపోతే మగపెళ్లివారు రేపు ఏ మాటైనా అనవచ్చు.

"బంతిభోజనాలు మాత్రం గంటసేపు తీశాడు," అన్నాడు పెళ్లికూతురి మేనమామ. "గుత్తొంకాయ దగ్గర చెయ్యి కదల్లేదు మహానుభావుడికి."

అందరూ నవ్వారు. రత్నమ్మ గారు నవ్వలేదు. "నీ మిషను వల్ల కాదు కదా బాబూ?" అని అడిగారు.

తెర కింద అంకె ఆ ముక్క ముందు అరవై ఒకటి, ముక్క తరవాత తొంభై తొమ్మిది. ఎక్కేటప్పుడే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తేడా ముప్పై ఎనిమిది. ఒకటిన్నర సెకను. "టేపులోనే లేవండి," అన్నాను. "లెక్క ఇదిగో." నోట్‌బుక్ చూపించాను.

ఒక్క రీడింగు. నీళ్ల విషయంలో ఎన్నడూ చెయ్యని పని మనిషి విషయంలో చేశాను.

సాయంత్రం సత్తిబాబును మా ఇంటికే పిలిపించారు. చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "నేను తీశానండి. కళ్లతో చూస్తూ తీశాను. ఒక్కసారి టీవీకి పెట్టి చూడండి అన్నయ్య గారూ," అన్నాడు. టీవీ రెండడుగుల దూరంలో ఉంది. వైరు మార్చి పెట్టడానికి రెండు నిమిషాలు. "లెక్క కళ్లెదురుగా ఉంటే టీవీ ఎందుకు సత్తిబాబూ," అన్నాను. ఎందుకన్నాను? అంతమంది ముందు నా అంకెను ఇంకొకరు సరిచూడటం నాకు గిట్టలేదు. అంతకంటే పెద్ద కారణం లేదు. అతని దగ్గర చూపించడానికి వేరే టేపూ లేదు. కెమెరాలోని అసలు టేపు మీద, క్యాసెట్ చేసిచ్చిన మర్నాడే ఇంకో పెళ్లి తీసేశాడు. వాళ్ల పద్ధతే అంత. పెళ్లి మొత్తానికి సాక్ష్యం నా దగ్గరున్న ఆ ఒక్క క్యాసెట్.

మర్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్లేముందు అదే ముక్కను మళ్లీ ఎక్కించాను. యాభై రెండు పోయాయి. ఇంకోసారి. ఇరవై తొమ్మిది. కుర్చీలో వెనక్కి వాలాను. టేపులో లోపమైతే ఎన్నిసార్లు ఆడించినా అదే అంకె రావాలి. అంకె మారుతోందంటే లోపం టేపుది కాదు. నాది. ఈ సంగతి నాకు సోమవారం పొద్దున ఏడున్నరకే తెలిసిపోయింది. ఏడేళ్ల తరవాత చెప్తున్నాను.

అప్పుడే ఎదురింటికి వెళ్లి చెప్పాల్సింది. ముందు బాగుచేసి చెప్తాలే అనుకున్నాను. ఇక ఆ తొమ్మిది పొద్దుల గురించి చెప్తే మీరు నన్ను ఏమనుకుంటారో తెలియదు గాని, నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు తక్కువ. గీతలు కొట్టి పట్టిక వేశాను. ఒక్కసారికి ఒక్కటే మార్పు, ప్రతి మార్పుకూ మూడు రీడింగులు. స్క్రీన్‌సేవర్ తీసేశాను, ఒకటో రెండో తగ్గాయి. యాంటీవైరస్ ఆపాను, బాగా తగ్గాయి. హార్డ్‌డిస్క్‌లో ముక్కలుముక్కలుగా పడున్న ఫైళ్లను వరసగా సర్దించాను, ఇంకా తగ్గాయి. మంత్రాల దగ్గర సున్నా, మేళం దగ్గర సున్నా. జీలకర్ర బెల్లం దగ్గర మాత్రం పోతూనే ఉన్నాయి. అక్కడే ఎందుకు?

ఆరో రోజు తట్టింది. అక్షింతలు. గట్టిమేళం మోగగానే పందిట్లో వాళ్లంతా ఒక్కసారిగా అక్షింతలు వేస్తారు. తెర నిండా వేల గింజలు, ఒక్కోటీ ఒక్కో వైపు. కదలని బొమ్మను కుదించి దాచడం కంప్యూటర్‌కు తేలిక. ఆ గింజల వానను దాచాలంటే ఊపిరాడదు. తలంబ్రాల దగ్గర చూశాను, అక్కడా పోయాయి. ఊరేగింపులో మతాబుల దగ్గర చూశాను, అక్కడా అంతే. పెళ్లిలో ఏది ముఖ్యమో అదే నా మిషనుకు బరువు.

తొమ్మిదో రోజు హార్డ్‌డిస్క్ సెట్టింగుల్లో డీఎంఏ అనే గడి కనిపించింది. టిక్ లేదు. ఆ టిక్ లేకపోతే ప్రాసెసరే ప్రతి ముక్కనూ మోసుకెళ్లి డిస్కులో పొయ్యాలి, కాలవ పక్కనుండగా కడవలతో చేను తడిపినట్టు. టిక్ పెడితే తూము ఎత్తినట్టే, నీళ్లు వాటంతట అవే పారతాయి. టిక్ పెట్టి, కంప్యూటర్ ఆపి, మళ్లీ వేసి, ఆ ముక్క ఎక్కించాను. అక్షింతలు రాలుతున్నాయి. మూలన అంకె కదల్లేదు. సున్నా. రెండోసారి సున్నా. మూడోసారి సున్నా. లేచి గదిలో ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను. వంటింట్లోంచి మా ఆవిడ "ఏంటండీ?" అంది. "ఏం లేదు," అన్నాను. ఎవరూ నేర్పకుండా, పట్టికతో, పెన్సిలుతో, ఆ ఒక్క గడి దాకా నడిచి వెళ్లాను. ఇంత తప్పు తరవాత కూడా ఆ సున్నాను తలుచుకుంటే ఛాతీ పొంగుతుంది. ఏం చెయ్యను?

సీడీ తీసుకుని ఎదురింటికి వెళ్లాను. జీలకర్ర బెల్లం చూసి రత్నమ్మ గారు కళ్లు తుడుచుకున్నారు. "పోయిన ముహూర్తాన్ని తిరిగి తెచ్చావు బాబూ. ఎలా వచ్చింది?" అన్నారు.

నిజం నాలుక చివరే ఉంది. నా మిషనులోనే లోపమండీ అంటే అయిపోయేది. "టేపులో అడుగున పడిపోయిందండి, పైకి లాగాను," అన్నాను. అర్థం లేని మాట. ఎవరూ అడగలేదు. నా లెక్కను ఎవరూ సరిచూడరు కదా. మడతకాజాల పొట్లం చేతిలో పెట్టారు. క్యాసెట్ మళ్లీ ఎవరికీ గుర్తు రాలేదు.

రెండు రోజులకు సత్తిబాబు మా ఇంటికి వచ్చాడు, చేతిలో అరడజను చక్రకేళీలతో. గొడవకు వచ్చాడనుకున్నాను. కూర్చోమంటే గడప దగ్గరే నిలబడ్డాడు.

"మీరు కాపాడారండి," అన్నాడు.

"దాందేముంది సత్తిబాబూ."

"అలా అనకండి. టేపు పాడుచేశానేమోనండి. హెడ్డు సరిగ్గా తుడవలేదేమో. లేకపోతే చెయ్యి వణికిందేమో. నేను బాగానే తీశాననుకున్నాను." చక్రకేళీలను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "అన్నయ్య గారూ, మీకు తెలుస్తుంది. తప్పు నా చేతిదేనంటారా, కెమెరాదంటారా?"

అడిగాడు. సూటిగా అడిగాడు. రెండు జవాబులు ఇచ్చాడు, రెండింటిలోనూ నేను లేను.

"కెమెరా పాతదైంది కదా," అన్నాను.

తలూపాడు. పళ్లు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

సీడీలో బొమ్మ తిరిగొచ్చినా, అతని కెమెరాకు ముహూర్తం మింగిన కెమెరా అని పేరు పడింది. మా వైపు ఆ పేరు పడ్డ కెమెరాను పందిట్లోకి ఎవరు రానిస్తారు? ఆ మాఘమాసంలో అతనికి ఒక్క పెళ్లి లేదు. భీమవరం దగ్గర ఐసు ఫ్యాక్టరీలో చేరాడని తరవాత విన్నాను. నా దగ్గరికి మాత్రం కాకినాడ నుంచి కూడా క్యాసెట్లు వచ్చాయి. ప్రతి దాంట్లోనూ అక్షింతల దగ్గర సున్నా.

మొన్న ఆదివారం ఆ క్యాసెట్ తీసి టీవీకి పెట్టాను. రెండు నిమిషాలు పట్టింది. ఏడేళ్ల కిందటా అంతే పట్టేది. ఆ ముక్క వచ్చినప్పుడు వీసీఆర్‌ను ఆపి, ఆ రోజు కంప్యూటర్‌లో పోయిన చోటంతా ఒక్కో ఫ్రేమూ నడిపిస్తూ లెక్కపెట్టాను. పళ్లెం మీద నుంచి చేతులు లేచాయి. అక్షింతలు మొదలయ్యాయి. ఒక గింజ నేరుగా కెమెరా అద్దానికే తగిలింది, అన్ని వైపుల నుంచీ రాలుతున్నాయి, ఎవరో భుజం తగిలించారు కాబోలు అంచున ఒక నీడ పడింది. అయినా కెమెరా కదల్లేదు. రెండు చేతులూ, రెండు తలలూ నడిమధ్యన ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను, మూడూ కలిశాయి.

రత్నమ్మ గారు ఇప్పుడు లేరు. సత్తిబాబు ఫ్యాక్టరీకి దారి నాకు తెలుసు, బస్సు కూడా తెలుసు. వెళ్తానో లేదో ఇక్కడ రాయను. రాస్తే మీరు నన్ను మంచివాడనుకుంటారు, అది నా లెక్కలో లేదు. రాయగలిగింది ఒక్కటే, ఈసారి రీడింగు సరిగ్గా చూసి రాస్తున్నాను. ముప్పై ఎనిమిది ఫ్రేములూ ఉన్నాయి. ఆ వానలో సత్తిబాబు ఒక్కటి కూడా వదల్లేదు. వదిలింది నేను.