రస్మియా గుడారంలో ముట్టని కాఫీ

గాజాలోని దేర్ అల్‌ బలహ్‌లో మా పేట మొత్తానికీ రొట్టెల పొయ్యి ఒక్కటే. మట్టితో కట్టిన ఆ పొయ్యి రస్మియాది. మేమంతా ఆమెను ఉమ్ రాగిబ్, అంటే రాగిబ్ తల్లి, అంటాం. రాగిబ్ ఆమె పెద్దకొడుకు; యుద్ధం మొదటి శీతాకాలంలోనే పోయాడు. ఆమెను సహనమూర్తి అని రాసుకుపోయిన విలేకరులు చాలామంది ఉన్నారు. సహనం ఆమెకు బొత్తిగా లేదు. వరుస తప్పినవాడి పిండిముద్దను వెనక్కి విసిరేస్తుంది. కళ్లలో పొగ పడితే ముందు పొయ్యిని, ఆ తర్వాత ప్రభుత్వాలన్నిటినీ పేరుపేరునా తిడుతుంది. రొట్టెను మాత్రం మాడనివ్వదు.

కాల్పులు ఆగాక మమ్మల్ని ఎవరు పాలించాలన్నది ఎక్కడో దూరదేశపు హోటళ్లలో తేలింది. పేటకో సలహా సంఘం ఉంటుందని, సభ్యులను పైవాళ్లే ఎంచుతారని కబురొచ్చింది. అందుకు ఒప్పుకున్న పేటకే బావి పంపుకు డీజిల్. మా వాళ్లకు ఒళ్లు మండింది. శుక్రవారం పొయ్యి దగ్గర కూడి, చేతులెత్తి, మా మనుషులను మేమే ఎన్నుకుందామనుకున్నాం. ఆ శుక్రవారం రాకముందే పైవాళ్లు పంపిన విదేశీ అధికారి ఒకడు ఉమ్ రాగిబ్ గుడారానికి వచ్చాడు.

చెడ్డవాడేం కాదు. మా పద్ధతులు నేర్చుకుని వచ్చాడు, చిక్కంతా అక్కడే. మాలో పిల్లనడగడానికో, రక్తం చిందిన కుటుంబాల మధ్య రాజీకో పెద్దమనుషులు వెళితే, ఇచ్చిన కాఫీ ముట్టరు. ముందు పెట్టుకుని కూర్చుంటారు. ‘తాగండి, మీరడిగింది ఇచ్చాం’ అని ఇంటివాళ్లు అన్నాకే తాగుతారు. కప్పు ముట్టకుండా వెళ్లిపోతే ఇంటికి తలవంపులు.

ఉమ్ రాగిబ్ ఏలకులు వేసి కాఫీ కాచింది. యుద్ధంలో కాఫీ దొరక్క శనగలు మాడ్చుకు తాగిన మాకు ఆ వాసనకే ప్రాణం లేచొచ్చింది. అధికారి కప్పు అందుకుని చాప మీద పెట్టి, నావైపు చూశాడు. ఒకప్పుడు విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషు పాఠాలు చెప్పిన పాపానికి అనువాదం నా నెత్తిన పడింది. ఆమె సంఘంలో కూర్చోవాలట. ఆమె పేరుంటే పేటంతా ఒప్పుకుంటుందట. ఔనంటే రేపే డీజిల్ వస్తుందట.

గుమ్మంలో నిలబడ్డ వెల్డర్ సబ్రీ ఆగలేకపోయాడు. “ఒప్పేసుకో హాజ్జా. మంత్రిగారు కాల్చిన రొట్టె తిన్నామని చెప్పుకుంటాం. నీళ్లు మోసి మోసి నా నడుం పోయింది.”

“నీ నడుం పెళ్లినాడే పోయిందని మీ ఆవిడ చెప్పిందిలే,” అందామె.

తర్వాత చాలాసేపు కప్పువైపే చూసింది. ఆవిరి ఆగిపోయింది. కాదంటే గడప తొక్కిన అతిథికి అవమానం. ఔనంటే ఇక శుక్రవారం దేనికి?

“నాయనా, కాఫీ ముట్టకుండా అడిగేది ఇంటివాళ్ల చేతిలో ఉన్నదాన్ని,” అంది చివరికి. “కూతుర్నిమ్మంటే, అది నా కూతురు. క్షమించమంటే, అది నా కొడుకు రక్తం. పేట నా సొత్తు కాదు. నాది కానిదాన్ని ఎలా ఇచ్చేది? ఇది ఉత్త అతిథి కాఫీ, తాగి వెళ్లు. అడగాల్సింది శుక్రవారం పొయ్యి దగ్గరికొచ్చి అడుగు.”

ఒక్క మాటా వదలకుండా అనువదించాను. ఆమె చల్లారిన కాఫీ పారబోసి వేడిది పోసింది. ఆయన తాగాడు. ఎంత అర్థమైందో తెలియదు.

డీజిల్ రాలేదు. సబ్రీ నీళ్ల డబ్బాలు మోసుకుంటూ, ఆమెకు వినపడేలా రోజూ మూలుగుతూనే ఉన్నాడు. శుక్రవారం అధికారి రాలేదు. మేం మాత్రం కూడాం. మొదట పలికిన పేరు ఆమెదే. తన పేరుకు ఆమె చెయ్యెత్తలేదు. రొట్టె మాడుతోందని అటు తిరిగింది. అందుకని పద్ధతి ప్రకారం కొందరం ఆమె గుడారానికి వెళ్లాం. కాఫీ ఇచ్చింది. అందరం కప్పులు చాప మీద పెట్టాం. అడగడానికి ముందుకొచ్చింది ఎవరనుకున్నారు, సబ్రీ.

“పేట తరఫున నువ్వు కూర్చోవాలి, ఉమ్ రాగిబ్.”

“పైవాళ్లు ఎంచకుండా మీ మనిషిగా నేను కూర్చుంటే డీజిల్ రాదు. తెలుసుగా?”

“తెలుసు.”

“మరి నీ నడుం?”

“అది పెళ్లినాడే పోయిందన్నావుగా.”

ఆమె మా మొహాలన్నీ ఒకసారి కలయజూసింది.

“తాగండి,” అంది. “మీరడిగింది ఇచ్చాను.”

సబ్రీ ఒక్క గుక్కలో తాగేసి, గుమ్మం పక్కన పెట్టిన డబ్బాలు తీసుకుని నీళ్లకు బయలుదేరాడు.