కాళ్లు ఆఖర్న

నేను బళేపేట గాజుల కొట్టువాళ్ల అమ్మాయిని. ముస్లింలు నడిపే ఒక బడిలో లెక్కలు చెప్తాను. రెండేళ్ల క్రితం బడివాళ్లు నన్నొక శిక్షణకు పంపారు. పిల్లల్లో చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు, చేసి నేర్చేవాళ్లు అని మూడు రకాలుంటారని అక్కడ ఒకాయన రోజంతా చెప్పాడు. మధ్యలో బిస్కెట్లు, చివర సర్టిఫికెట్. తిరిగొచ్చేసరికి నాకు కొమ్ములు మొలిచాయి.

మా బడిలో మతబోధ క్లాసు చెప్పే ఉస్తాని హిందూపురం వైపు పెద్దావిడ. ఆమె దగ్గర ఏడో తరగతి అమ్మాయి ఒకతె రెండుసార్లు పరీక్ష తప్పింది. ఇంకోసారి తప్పితే చెల్లెలి క్లాసులో, చెల్లెలి పక్కన కూర్చోవాలి. ఆ మాటెత్తితే చాలు, పిల్ల కళ్లు నిండేవి. నమాజుకు ముందు ముఖమూ కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ రోజూ చక్కగా చేస్తుంది; పేపరు మీద రాయమంటే మాత్రం వరస తారుమారు. ఈ పిల్లను నాకొదిలేయండి అన్నాను. ఏవో ప్రశ్నలడిగి, చూసి నేర్చే రకమని తేల్చి, రంగురంగుల చార్టు గీసిచ్చాను. పిల్ల చార్టును తెగ మెచ్చుకుంది. రాసింది మళ్లీ తప్పే.

ఉస్తాని చార్టు చూసి నవ్వింది. "బొమ్మలు బాగుండాయి మా. ఇంగ నువ్వు వజూ నేర్చుకో, ఆ పిల్ల నేర్పిస్తాది."

అలా రోజూ మధ్యాహ్నం కొళాయి దగ్గర నేను విద్యార్థినినయ్యాను. మా ఇంట్లో గడప దాటాలంటే ముందు కాళ్లు కడగాలి. నలభై ఏళ్ల అలవాటు. కొళాయి తిప్పగానే నా కాలే ముందుకెళ్లేది.

"అయ్యో మిస్! కాళ్లు ఆఖర్న! ముందు చేతులు, ఆమేలే నోరు, ముక్కు, మొగం, మోచేతుల దాకా, తల. ఎన్ని తూర్లు చెప్పల్ల?"

లెక్కల క్లాసులో నేను కసిరినట్టే కసిరింది. ఒళ్లు మండింది, సిగ్గూ వేసింది. చీర కుచ్చిళ్లు తడుపుకుంటూ పదిహేను రోజులు చీవాట్లు తిన్నాను.

పరీక్షయ్యాక ఉస్తాని పేపరు పట్టుకుని స్టాఫ్ రూముకొచ్చింది. వరసంతా సరిగ్గా ఉందట, పిల్ల పాసయిందట. ఎగిరి గంతేయాలనిపించింది. ఉర్దూలో ఉన్న ఆఖరి ప్రశ్నను ఆమే తెలుగులో చెప్పింది: వజూలో మామూలుగా జరిగే తప్పేమిటి?

పిల్ల రాసిన జవాబునూ అలాగే తెలుగులో చదివింది. "కాళ్లతో మొదలుపెట్టేది. మా లెక్కల మిస్ దినామూ అదే చేస్తాది. ఎంత చెప్పినా వినదు."

"దానికి పూర్తి మార్కులేసినా," అంది ఉస్తాని. "నిన్ను మాత్రం ఫెయిల్ చేసినా మా. పోయి దాని చెల్లెలి పక్కన కూచో."